గృహవిజ్ఞానము: కొయ్యవస్తువులకు పట్టిన పిల్లివాసన



ఈ మాసమున ధాన్యపు పురుగునుగూర్చి వ్రాయుదునని వెనుకటి సంచికలో మాట యిచ్చియుంటిని. ఇంతలో ఎమ్మిగనూరునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము నాకు చేరినది. ఆమె తెలిపిన చిక్కు ఆలస్యము సహించునది కాదు. పైగా అట్టి చిక్కే గత సంవత్సరము మా యింటను సంభవించి, నాలుగు మాసములు మమ్ము వేధించినది. కావున ధాన్యపు పురుగును వచ్చు మాసమునకు నిలిపి, ఈ తడవ ఆ సోదరికే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాను. పిల్లినో కుక్కనో పెంచుకొను ఇల్లాండ్ర కెల్లరకు ఇది యుపయోగపడునని తలంచెదను.

ఆ సోదరి నేతవారి యింటి కోడలు. ఎమ్మిగనూరు మగ్గములకు పేరుపొందిన యూరు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘము పేరు విననివారు మా ప్రాంతమున అరుదు. ఆమె యింట గుంటమగ్గ మొకటి కలదు. నూలును ఎలుకలు కొఱుకుచుండగా పిల్లిని తెచ్చి పెంచిరి. ఎలుకలు పోయినవి గాని, పిల్లి మగ్గపు గుంటలో మూత్రము విడుచుటకు మరిగినది. మగ్గపు గుంజలకును, నేసిన బట్టను చుట్టుకొను కొయ్యకును దుర్వాసన పట్టినది. సాంబ్రాణి వేసిరి, ఫినైలు పూసిరి, పోలేదు. నేసిన చీరకు ఆ వాసన సోకిన కొనువారు త్రిప్పి పంపుదురేమో యని యింటివారికి దిగులు. “కొయ్యను మార్చవలెనా, పిల్లిని పారద్రోలవలెనా?” యని ఆమె యడిగినది. రెండును అక్కఱలేదని నా యుత్తరము. ఎందుకో చెప్పుటకు ముందు మా యింటి వృత్తాంతమును చెప్పవలయును.

మేముండునది ఆదోని. దూది వ్యాపారము గల యూరు. గిడ్డంగులున్న చోట ఎలుకలును, ఎలుకలున్న చోట పిల్లులును ఉండక తప్పదు. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు గనుక మా యింట పుస్తకములు మెండు. వానికి ఎలుకల బాధయు మెండు. అందుచేత మా కుమార్తె వీధిలోనుండి ఒక బూడిదరంగు గండుపిల్లిని చేరదీసినపుడు ఎవరమును కాదనలేదు.

మా యత్తగారికి ఆమె తండ్రిగారిచ్చిన వ్యాసపీఠ మొకటి కలదు. ఒకే టేకుపలకను నిలువునకు చీల్చి, నడుమ కీలు చెక్కి, కత్తెరవలె విప్పి నిలుపునట్లు చేసినది. అందులో ఇనుపమేకు గాని, అదుకు గాని లేదు. ప్రతి సాయంకాలమును దానిపై భాగవతము నుంచి చదువుకొనుట ఆమెకు నలువది యేండ్ల యలవాటు. గత సంవత్సరము వైశాఖమున ఒకనా డామె పీఠమును విప్పగా గుప్పున దుర్గంధము వచ్చినది. పిల్లి దానిపై మూత్రము విడిచినది.

నేను వెంటనే కుంకుడురసముతో కడిగితిని. గంధము పూసితిని. సాంబ్రాణి పొగ పట్టితిని. ఎండలు నలువది డిగ్రీలు మించి కాయు దినములగుటచే కొయ్య త్వరగా ఎండినది, వాసనయు పోయినట్లే తోచినది. శ్రావణమున తొలివాన కురిసిన మఱునాడు అది రెండింతలై మరలివచ్చినది. గంధపు వాసనయు దానితో కలిసి మఱింత రోతయయ్యెను. అత్తగారు గ్రంథమును ఒడిలో నుంచుకొని చదువబోయిరి. అక్షరము లానలేదు, బరువున మోకాళ్లు నొచ్చినవి. నాలుగు దినములు చూచి చదువుటయే మానివేసిరి. దీపము పెట్టు వేళ ఆమె కంఠము వినబడకపోవుట మా యింటిల్లిపాదికిని ఏదో లోటుగా నుండెను. ఒకనా డామె, “ఆ పిల్లియైన నీ యింట నుండవలె, నా పీఠమైన నుండవలె” నని ఖండితముగా చెప్పిరి. మా కుమార్తె ఆ రాత్రి పిల్లిని తన దుప్పటిలో దాచుకొని పండుకొనినది.

ఆ పీఠమును నేను సరిగా శుభ్రపఱుపలేదనియు, వాసనను కప్పితినే గాని తీయలేదనియు నాకు పిమ్మట తెలిసినది. ఏల కప్పినది నిలువదో చెప్పెదను.

పిల్లిమూత్రమున యూరియా, లవణములు, యూరిక్ ఆమ్లము మున్నగునవి యుండును. సూక్ష్మజీవులు యూరియాను విఱిచి అమోనియాను పుట్టించును. ముక్కున కెక్కు ఆ చుఱుకుఘాటు అదియే. ఇదిగాక పిల్లిజాతి మూత్రమున ఫెలినిన్ అను పదార్థ మొకటి కలదు. అది చెదరినపుడు గంధకము గల వాయువులు వెలువడును. గండుపిల్లులలో నిది యధికము. ఆడుపిల్లి వాసనకంటె గండుపిల్లి వాసన భరింపరానిదగుట కిదియే కారణము. యూరియా నీటిలో సులభముగా కరగును గనుక కడిగిన పోవును. యూరిక్ ఆమ్లము అట్లు కరగదు. సన్నని పలుకులై కొయ్య రంధ్రములలో నిలిచిపోవును. ఎండకాలమున అడగియుండును, గాలిలో తేమ చేరగానే మరల వాసన గొట్టును. గంధము, సాంబ్రాణి, అత్తరు ఆ పలుకులను తాకనైన తాకవు.

కొయ్య స్వభావమును గూడ తెలిసికొనవలయును. చెట్టు బ్రదికియున్నపుడు వేళ్లనుండి నీరు పైకెక్కిన సన్నని గొట్టములే కొయ్యలో నారలుగా మిగిలియుండును. పలక ముఖముమీద పడిన తడి మెల్లగా ఇంకును. ఆ గొట్టముల నోళ్లు తెఱచియుండు అడ్డుకోత కొసలయందు పడినది మాత్రము వత్తి నూనెను పీల్చినట్లు లోనికి పోవును. వ్యాసపీఠపు పాదములు, పెట్టె మూలలు, మగ్గపు గుంజల అడుగులు అట్టి కొసలే. నేను నాలుగు మాసములు పీఠపు ముఖమును తోమితిని. మూత్రము జారి నేలపై నిలిచి, పాదముల నుండి లోనికెక్కినదని నాకు తోచనేలేదు.

చోటు కనుగొనుటయే మొదటి పని. దుకాణములలో నోట్లను పరీక్షించుటకు వాడు నీలికాంతి దీప మొకటి యుండును. చేతిదీపముగా అది తక్కువ వెలకే దొరకును. రాత్రివేళ దీపములార్పి దానిని వస్తువుపై ప్రసరింపజేసినచో మూత్రము పడిన చోటు లేతపసుపు కాంతితో మెఱయును. అయితే లక్కపూతయు, కొన్ని రంగులును ఆ కాంతికి మెఱయును. కావున కంటికి కనబడిన చోటును ముక్కుతో గూడ సరిచూచుకొనవలయును. మా పీఠమున రెండు పాదములును, కీలు సందును మెఱసినవి. ముఖమున ఒక చిన్న మరక తప్ప మఱేమియు లేదు.

ఇక శుద్ధిచేయు క్రమము.

మొదటిది. తడి క్రొత్తదైనచో రుద్దరాదు. పాత నూలుగుడ్డ మడతను దానిపై నదిమి పీల్పింపవలయును. గుడ్డ పొడిగా వచ్చువఱకు మార్చుచుండవలయును. రుద్దినచో మరక పెరుగును, లోనికిని పోవును.

రెండవది. ఎండిన పాతమరకయైనచో నీటితో తడిపి పిండిన గుడ్డతో రెండుమూడు సారులు తుడువవలయును. పిదప ఒక పాలు సిర్కాకు రెండు పాళ్లు నీరు కలిపి, దానితో తడిపిన గుడ్డతో తుడిచినచో అమోనియా ఘాటు తగ్గును. మరల మంచినీటిగుడ్డతో తుడిచి నీడను ఆరనీయవలయును. సిర్కాలో వంటసోడా కలిపి వాడుమని కొందఱు చెప్పుదురు. కలిపినపుడు వచ్చు పొంగును చూచి బలమైన మందని భ్రమింతుము. నిజమునకు ఆమ్లమును క్షారమును ఒకదాని నొకటి చంపుకొని, మిగులునది బలహీనమైన ఉప్పునీరు మాత్రమే. ఏదైన నొకటియే వాడవలయును. సోడానీరు కొన్ని కొయ్యలను నల్లబఱచును. పసుపు పూసిన గడపకు తగిలినచో పసుపు ఎఱ్ఱబాఱును. కావున నేను కొయ్యకు సిర్కానే మేలందును.

మూడవది ముఖ్యమైనది. యూరిక్ ఆమ్లమును విఱుగగొట్టుటకు ఎంజైములు గల ద్రావణములు పెంపుడు జంతువుల సామగ్రి యమ్ము దుకాణములలో దొరకును; తపాలాద్వారమునను తెప్పించుకొనవచ్చును. ఇవి మన కడుపులోని జీర్ణరసములవంటి పదార్థములు. మెల్లగా పనిచేయును, తడిగా నున్నంతవఱకే పనిచేయును. పూసి వెంటనే తుడిచివేసినచో వ్యయము దండుగ. మరక యెంత లోతునకు పోయినదో ద్రావణమును అంత లోతునకు పోవలయును. దూదిని అందు ముంచి మరక చోట నుంచి, పైన పలుచని ప్లాస్టిక్ కాగితము కప్పి, రాత్రియంతయు నుంచవలయును. మా పీఠపు పాదముల క్రింద రెండు పళ్లెరములలో తడిపిన దూది నుంచి, దానిపై పీఠమును నిలిపితిని. మూత్రము ఏ దారిని పైకెక్కినదో మందును ఆ దారినే ఎక్కినది. వేడినీటిని కలుపరాదు, వేడికి ఎంజైములు చెడును. ఏ వస్తువునకైనను ముందు కనబడని మూల చిన్నచోట పూసి చూచి, రంగు మాఱకున్న పిదపనే పని మొదలిడవలయును.

నాలుగవది ఆరబెట్టుట. మన ప్రాంతపు ఎండ కొయ్యకు శత్రువు. తడిసిన పలకను ఎండలో పెట్టినచో పై పొర ముందుగా ఎండి ముడుచుకొని, పలక వంకరపోవును, పగులును. గాలి యాడు నీడలో మూడునాలుగు దినము లుంచవలయును. పెట్టెలు, బీరువాలైనచో మూత తెఱచి, లోపల బొగ్గులను గాని, పళ్లెములో పొడి వంటసోడాను గాని వారము దినము లుంచినచో మిగిలిన వాసనను పీల్చును. పొడిసోడా కొయ్యకు తగులకుండునట్లు చూడవలయును. బొగ్గు వంటపొయ్యిదైనను సరియే, కాని నూనె సోకినది కారాదు.

ఐదవది. ఇంత చేసినను వానదినమున వాసన సన్నగా వచ్చినచో మరల ఒకమాఱు మూడవ పని చేయవలయును. మాకు మూడు తడవలు పట్టినది. చివర ఒక పాదమున కొంచెము మిగులగా, వడ్రంగిచేత ఉప్పుకాగితముతో పై పొరను తీయించి, స్పిరిటులో కరగించిన లక్కను రెండు పూతలు పూయించితిని. లక్క మిగిలిన వాసనను లోననే బంధించును. అయితే లక్కను చివరనే వేయవలయును. ముందుగనే వేసినచో మరక లోపల నిలిచి, మందు చేరుటకు దారి యుండదు.

అన్ని వస్తువుల కొకటే విధి కాదు. బొబ్బిలి వీణను పనసకొయ్యతో చేయుదురు. దాని మెట్లు మైనపు కట్టుమీద నిలిచియుండును. దానిని తడుపరాదు, వేడిమికి చూపరాదు. మరక యున్న చోటునే చిటికెన వ్రేలంత దూదితో అద్ది, వెంటనే చుట్టును పొడిగుడ్డతో తుడువవలయును. బొడిపె విప్పవలసి వచ్చినచో వీణ చేయువానికే యప్పగింపవలయును. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కొయ్యవి. వాని అతుకులకు ఱంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపి వాడుదురు. నీరు తగిలినచో అతుకును, రంగును రెండును చెడును. వానిని పొడి బొగ్గులున్న డబ్బాలో మూతపెట్టి రెండుమూడు వారము లుంచుటకంటె వేఱు మార్గము లేదు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కొయ్యవి. వానిపై లక్కపూత యుండును గనుక తడిగుడ్డతో తుడిచిన చాలును. స్పిరిటు మాత్రము తగులనీయరాదు, లక్క కరగును.

మగ్గమునకు వచ్చెదను. ఎమ్మిగనూరు సోదరీ, నీవు బట్ట చుట్టుకొను కొయ్యను విప్పి, దాని రెండు కొసలను ముందు పరీక్షింపుము. గుంజల అడుగుభాగమును చూడుము. అవి శుద్ధియైన పిదప లక్కపూత వేయించినచో మరల తడి ఎక్కదు. బట్ట తగులు కొయ్యకు మాత్రము పూత పూర్తిగా నెండువఱకు నూలు నెక్కింపవలదు. గుంటలోని మన్నును జానెడు లోతు త్రవ్వి పారవేసి, క్రొత్తమన్ను వేసి గట్టిగా దిమ్మిస చేయింపుము. ఎందుకో ముందు చెప్పెదను.

చేయరాని పనులు కొన్ని గలవు. మూత్రము పడిన చోట బ్లీచింగుపొడి వేయరాదు. అమోనియాతో కలిసి ఊపిరితిత్తులకు హానిచేయు విషవాయువు పుట్టును. అమోనియా గల శుభ్రద్రవములును వలదు. పిల్లికి అది తన మూత్రపు వాసనవలెనే తోచి, మరల అచ్చటికే వచ్చును. పిల్లి తిరుగు చోట ఫినైలు వాడుట ప్రమాదము. పిల్లి కాలేయము అట్టి పదార్థములను మనవలె జీర్ణించుకొనలేదు. కాళ్లకంటిన దానిని నాకి విషము తెచ్చుకొనును. కలరాయుండలు, కర్పూరము, నీలగిరి తైలమును అట్టివే. ఆ సోదరి ఫినైలు పూసినానని వ్రాసినది గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

ఇక పిల్లి మాట. బాల్యమున మా తండ్రిగారు నాకు అమరము వల్లింపించుచు, మార్జార శబ్దమునకు శుభ్రపఱచుకొనుట యను నర్థము గల ధాతువు మూలమని చెప్పిరి. నాలుకతో తన దేహమును తానే తుడుచుకొను ప్రాణి యని భావము. అత్తగారి ఖండితమైన మాట విన్న రాత్రి నాకు నిదుర పట్టక అది జ్ఞప్తికి వచ్చినది. తన మలమును మన్నుతో కప్పుకొను ప్రాణి, రెండేండ్లు ఇల్లు చెఱుపని ప్రాణి, ఒక్కసారిగా నేల చెఱుపవలయును? మఱునాడు ఉదయమునుండి దానినే కనిపెట్టితిని. అది మాటిమాటికి మూల చేరి కూర్చుండుచు, రెండు బొట్లు మాత్రము విడుచుచు, సన్నగా మూలుగుచుండెను. బొట్లలో ఎఱ్ఱని జీర కనబడినది.

వెంటనే పశువైద్యునికి చూపితిమి. మూత్రాశయమున ఇసుకవంటి పలుకులు చేరి వాచినదనియు, ఇంకను ఆలస్యమైనచో దారి మూసికొనిపోయి ఒకటి రెండు దినములలో ప్రాణమే పోయెడిదనియు వైద్యుడు చెప్పినాడు. గండుపిల్లులకు మూత్రమార్గము సన్ననిదగుటచే ఈ యపాయ మెక్కువయట. మందిచ్చి, నీరు విశేషముగా త్రాగునట్లు చూడుమనియు, పొడిమేత తగ్గించి తడిమేత పెట్టుమనియు, నయమైన పిదప విత్తులు తీయించినచో గోడలపై చిమ్ము అలవాటును తగ్గుననియు చెప్పినాడు. ఆ ప్రకారము చేసితిమి. అది వైశాఖమునుండి చెప్పుచున్న మాటను మేము శ్రావణము గడచువఱకు వినలేదు.

కావున ఇంట పిల్లి హఠాత్తుగా చెఱుప మొదలిడినచో ముందు వైద్యునికి చూపవలయును. గండుపిల్లి ముక్కుచు, మూత్రము రాక బాధపడుచున్నచో ఒక్క పూటయైన నాగరాదు. రోగము లేనిచో చోటు వెదకవలయును. పిల్లికి వదులైన మన్నుగాని, ఇసుకగాని కావలయును. ఎమ్మిగనూరు సోదరి మగ్గపు గుంటలో వదులుమన్ను ఉన్నది గనుక అది దానినే తన చోటుగా నెంచుకొనినది. గుంటను దిమ్మిస చేసి, పెరటిమూల పాత తొట్టిలో మెత్తని ఇసుక పోసి, దినమునకొకమాఱు ఎత్తివేసినచో అది అచ్చటికే పోవును. మొదట ఆ యిసుకలో గుంటలోని పాతమన్ను పిడికెడు కలిపినచో త్వరగా గుర్తించును. ఇసుక యెత్తివేయు పనిని గర్భవతులు చేయరాదు. పిల్లిమలమునుండి సోకు టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి శిశువునకు హానికరము. ఆ పని ఇతరులకు వదలవలయును.

భాద్రపదము చివర ముసురు పట్టిన నాలుగవ దినమున నేను వ్యాసపీఠమును అత్తగారి యెదుట నుంచితిని. ఆమె దానిని విప్పి, ముక్కునకు దగ్గఱగా పట్టుకొని, పాదములను త్రిప్పి చూచి, ఏమియు ననక గ్రంథమును తెమ్మనిరి. ముఖముమీద చిన్ని నల్లమరక యొకటి యిప్పటికిని కలదు. అది మాత్రము పోలేదు. చదువు ముగియు వేళకు పిల్లి వచ్చి ఆమె కొంగుమీద కూర్చుండెను. “పో, పో” యని చేయెత్తిరి గాని లేపలేదు.

సోదరీమణులు తమ యనుభవములను, వేఱు సులభోపాయము లున్న వానిని వ్రాసి పంపిన మిగిలినవారికి మేలుచేసినవా రగుదురు. వచ్చు మాసమున ధాన్యపు పురుగును తప్పక విచారింతము.